గుర్తుపట్టుడు వేరు, యాదికొచ్చుడు వేరు

మనం రోజూ వాడే మాటల్లోనే ఒక పెద్ద తేడా దాక్కుని ఉంది. 'గుర్తుకు రావడం' ఒకటి, 'గుర్తుపట్టడం' ఇంకొకటి. మా చిట్యాల వైపు మొదటిదాన్ని 'యాదికొచ్చుడు' అంటారు. ఎవరో బస్సులో కనిపిస్తే "ఈయన్ని యాడనో జూసిన" అనుకుంటాం చూడండి, అది గుర్తుపట్టడం. ఆయన పేరు, ఊరు, ఎవరి పెండ్లిలో పక్కన కూర్చున్నాడో తేలితే అప్పుడు యాదికొచ్చినట్టు. మొదటిది జరిగి రెండోది జరక్కపోవడం అందరికీ అనుభవమే. జార్జ్ మాండ్లర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1980లో సరిగ్గా ఇదే ఉదాహరణతో ఒక సిద్ధాంతం కట్టాడు. బస్సులో కనిపించిన మనిషి తెలిసిన ముఖమే, కానీ ఎవరో తెలియదు. కాసేపటికి తడుతుంది, అతను మాంసం కొట్టాయన అని. పరిచయం అనిపించడం ఒక పని, వివరం తవ్వి తీయడం ఇంకో పని అని ఆయన వాదన.

కాళిదాసు నాటకం పేరులో ఉన్న 'అభిజ్ఞానం' అంటే గుర్తుపట్టడమే. దుష్యంతుడి ఎదురుగా మనిషే నిలబడినా గుర్తుపట్టలేదు, ఉంగరం చూశాకే అంతా గుర్తుకొచ్చింది. శాపం సంగతి పక్కన పెట్టి ఇవాళ ఏ న్యూరాలజిస్టుకైనా ఈ కేసు చెప్తే ముందు అడిగేది ఒక్కటే: ఆధారం చూపిస్తే గుర్తొచ్చిందా, రాలేదా?

ముసలివాళ్ల మతిమరుపు గురించిన ప్రశ్నల్లో చాలా బరువైనది ఇదే. డెబ్భై ఏండ్ల మనిషి నిన్న ఏం కూర తిన్నదో చెప్పలేకపోతే అది వయసు కావచ్చు, దిగులు కావచ్చు, చెవులు సరిగా వినపడకపోవడం కావచ్చు, డిమెన్షియా మొదలు కావచ్చు. "బీరకాయనా, వంకాయనా?" అని అడిగితే టక్కున "బీరకాయ" అంటే విషయం లోపల భద్రంగా ఉంది, బయటికి రావడానికే ఇబ్బంది పడుతోంది. అడిగినా, చూపించినా ఏదీ తాకకపోతే ఆ విషయం అసలు లోపలికి పోయి నిలవలేదేమో అని అనుమానించాలి. అల్జైమర్స్ వ్యాధి ముందుగా దెబ్బతీసే మెదడు భాగాల్లో హిప్పోకాంపస్ ఒకటి. కొత్త సంగతుల్ని నిలబెట్టే పని దానిదే. అందుకే ఆ జబ్బులో అందించినా అందదు. ఇది మొత్తం మీద నిజం, ప్రతి మనిషి విషయంలో కాదు.

ఈ తేడాను వయసుకు ముడిపెట్టి స్పష్టంగా చూపిన తొలి ప్రయోగాల్లో ఒకటి 1966లో కెనడాలో వచ్చింది. షోన్‌ఫీల్డ్, రాబర్ట్‌సన్ అనే ఇద్దరు వేర్వేరు వయసుల వాళ్లకు మాటల జాబితాలు చూపించారు. ఒకసారి "గుర్తున్నవి చెప్పండి" అన్నారు, ఇంకోసారి కొన్ని మాటలు ముందు పెట్టి "ఇందులో చూసింది ఏది?" అన్నారు. చెప్పమన్నప్పుడు వయసుతో పాటు మార్కులు మెట్లు దిగినట్టు దిగాయి. ఏరమన్నప్పుడు ముసలివాళ్లు యువకులకు దాదాపు సమానంగా నిలబడ్డారు. తర్వాతి పరిశోధనలు ఈ బొమ్మను కొంచెం చెరిపాయి, ఏరడంలో కూడా వయసు ఎక్కడ తడబడుతుందో చూపించాయి. ఆ తడబాటు దగ్గరికి మళ్లీ వస్తాను.

దానికంటే ముందు మా జిల్లాలో జరిగిన ఒక భారీ గుర్తుపట్టే పరీక్ష గురించి చెప్పాలి. దాన్ని ఎవరూ ఆ పేరుతో పిలవలేదు. 1951-52 మొదటి సాధారణ ఎన్నికలు. 1951 జనాభా లెక్కల ప్రకారం హైదరాబాదు రాష్ట్రంలో అక్షరం వచ్చినవాళ్లు నూటికి పదిమంది కూడా లేరు. పేరు చదివి ఓటెయ్యమంటే జరిగే పని కాదు. సుకుమార్ సేన్ నడిపిన ఎన్నికల సంఘం ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె పెట్టి, దానిమీద ఒక బొమ్మ అంటించింది. కాడికి కట్టిన ఎడ్లు, గుడిసె, దీపం, చెట్టు, ఇలా ఇంట్లోనో పొలంలోనో కంటికి ఆనేవే ఎక్కువ. ఓటరు చేయాల్సిందల్లా ప్రచారంలో విన్న, చూసిన బొమ్మను గుర్తుపట్టి ఆ పెట్టెలో కాగితం వెయ్యడం. మనం ఆ బొమ్మను 'గుర్తు' అనే అంటాం, ఇప్పటికీ. నల్లగొండ ఓటర్లు రావి నారాయణరెడ్డి గారికి వేసిన ఓట్లు నెహ్రూకు పడ్డవాటికంటే ఎక్కువని చాలామందికి తెలుసు. నిషేధం వల్ల కమ్యూనిస్టులు పీపుల్స్ డెమోక్రాటిక్ ఫ్రంట్ పేరుతో నిలబడ్డ ఎన్నిక అది. రాజకీయ చరిత్రగా దాన్ని బాగానే చెప్పుకున్నాం. చదువురాని లక్షలమంది, అందులో ముసలివాళ్లు కూడా, ఒక ఆకారాన్ని మనసులో పెట్టుకుని రోజుల తర్వాత సరిగ్గా దాని ముందు నిలబడ్డారన్న సంగతి ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. చదువురాకపోవడానికీ మతి లేకపోవడానికీ సంబంధం లేదని చెప్పడానికి నాకు ఇంతకంటే మంచి సాక్ష్యం దొరకలేదు.

సమస్యేమిటంటే, ముసలివాళ్ల మతిని కొలిచే పరీక్షలు పుట్టింది ఈ రెంటినీ విడదీయాల్సిన అవసరం అంతగా లేని చోట.

1975లో అమెరికాలో ఫోల్‌స్టీన్ దంపతులు, మెక్‌హ్యూ కలిసి తయారుచేసిన చిన్న పరీక్ష ప్రపంచమంతా పాకింది. ముప్పై మార్కులు. తేదీ చెప్పాలి, మూడు మాటలు గుర్తుపెట్టుకోవాలి, ఒక ఇంగ్లీషు మాట అక్షరాలు వెనకనుంచి చెప్పాలి, "కళ్లు మూసుకోండి" అన్న కాగితం చదివి ఆ పని చెయ్యాలి, ఒక వాక్యం రాయాలి, ఒకదాన్నొకటి కోసుకునే రెండు పంచకోణాలు గీయాలి. బడి మొహం చూడని మనిషికి ఇందులో మతితో నిమిత్తం లేకుండానే పోయే మార్కులు ఎన్నో లెక్కపెట్టండి. 1995లో ఢిల్లీ పక్కన బల్లభ్‌గఢ్ పల్లెల కోసం మేరీ గంగూలీ బృందం దీన్ని హిందీలోకి మార్చింది. మార్చింది అంటే అనువదించింది అని కాదు. చదివి కళ్లు మూసుకోమనే బదులు, పరీక్ష పెట్టేవాళ్లు తమ కళ్లు మూసి చూపించి "నేను చేసినట్టు చెయ్యండి" అంటారు. వాక్యం రాయమనే బదులు ఇంటి గురించి ఏదైనా చెప్పమంటారు. చాలా సాదా మార్పులు. అయినా వాటి వెనక ఎంతమందితో ఎన్ని గంటలు కూర్చుని ఉంటారో ఊహించుకోవచ్చు.

గుర్తుపట్టడాన్ని విడిగా కొలిచే పద్ధతి 1989లో వెలువడిన సెరాడ్ అనే అమెరికన్ పరీక్షల కట్టతో బాగా స్థిరపడింది. పది మాటలు, మూడుసార్లు, ప్రతిసారీ వరస మార్చి. కాసేపు వేరే పని. తర్వాత గుర్తున్నవి చెప్పమంటారు. ఆ తర్వాత ఇరవై మాటలు ఒక్కొక్కటిగా వస్తాయి, పది పాతవి, పది కొత్తవి. ఉందా, లేదా? అంతే.

కొత్తవి పది ఎందుకు అన్నది నాకు ఈ మొత్తంలో చాలా ఇష్టమైన భాగం. మన ముసలివాళ్లకు ఒక మర్యాద ఉంటుంది. చదువుకున్న పిల్ల కాగితం పట్టుకుని ముందు కూర్చుని "ఈ మాట ఉండెనా అవ్వా?" అని అడిగితే, "ఉండె బిడ్డా" అంటారు. కాదంటే ఆ పిల్ల మనసు కష్టపడుతుందని. ఇరవైకీ 'ఉండె' అన్న అవ్వకు పాతవాటిలో పదికి పది. కొత్తవాటిలో కూడా పదికి పది తప్పు. రెండో లెక్క లేకపోతే ఆమెకు అద్భుతమైన జ్ఞాపకశక్తి ఉందని రాసుకుంటాం. ఈ రెండు లెక్కల్నీ కలిపి చూసే గణితం రాడార్ నుంచి వచ్చింది. తెర మీద కనిపించిన చుక్క శత్రువు విమానమా, ఉత్త రొదా? చూసే మనిషి భయస్తుడైతే ప్రతి చుక్కా విమానమే. అతని చూపు ఎంత చురుకైనదో, అతని భయం ఎంతో విడదీయడానికి 1950లలో అమెరికాలో ఇంజినీర్లు ఒక సిద్ధాంతం కట్టారు. ఆ దశాబ్దం చివరికల్లా దాన్ని జ్ఞాపకానికి వాడడం మొదలైంది. విమానాల భయాన్ని కొలిచిన లెక్కే మా అవ్వల మొహమాటాన్నీ కొలుస్తుంది.

ఇక ఆ తడబాటు సంగతి. మా చిన్నాయన బిడ్డ సైకాలజీ చదువుతోంది. పోయిన దసరాకు చిట్యాలలో ఇంటి అరుగు మీద కూర్చుని, సాధన కోసమని, తనే రాసుకున్న పది మాటలతో నానమ్మకు ఈ పరీక్ష పెట్టింది. (చిట్యాల అంటే హైదరాబాదు నుంచి విజయవాడ రోడ్డు మీద, చౌటుప్పల్ దాటాక, నార్కట్‌పల్లికి ముందు వచ్చేది. భూపాలపల్లి వైపు ఇంకో చిట్యాల ఉంది, అది వేరు. చిట్యాల ఐలమ్మది ఇంటిపేరు, ఆమె పోరాడింది పాలకుర్తిలో. మా ఊరి పేరు చెప్తే ఈ మూడూ కలిపేసేవాళ్లు ఇప్పటికీ తగుల్తారు.) నానమ్మ సొంతంగా చెప్పింది మూడు మాటలు. ఏరమంటే పదిలో తొమ్మిది పట్టింది. కొత్తవాటిలో మాత్రం 'బొక్కెన' దగ్గర "ఉండె" అంది. లేదని చెల్లెలు అంటే ఒప్పుకోలేదు.

"బావి అంటివి గద. బొక్కెన లేకుండ నీళ్లెట్ల తోడుతరే?"

ఈ తప్పుకు కూడా ఒక చరిత్ర ఉంది. జేమ్స్ డీస్ 1959లో గమనించాడు, ఒకే విషయం చుట్టూ తిరిగే మాటలు వినిపిస్తే, అందులో లేని, కానీ వాటి నడుమ ఉండాల్సిన మాటను జనం ఉందని చెప్తారని. 1995లో రోడిగర్, మెక్‌డెర్మట్ దాన్ని మళ్లీ తవ్వి తీశారు. నాగలి, కర్రు, మేడి, కాడి అని చదివి ఎడ్లు ఉన్నాయా అంటే చాలామంది ఉన్నాయంటారు. ముసలివాళ్లలో ఈ రకం తప్పు ఎక్కువని తర్వాత తేలింది. మాండ్లర్ చెప్పిన పరిచయం చెక్కుచెదరదు, వివరం తవ్వే శక్తి తగ్గుతుంది, దాంతో పరిచయమే సాక్ష్యమైపోతుంది. నానమ్మ తప్పు చేసింది నిజమే. అయితే ఆ తప్పు ఆమె మెదడులో బావికీ బొక్కెనకూ ఉన్న తాడు తెగలేదని కూడా చెప్తుంది. నా చెల్లెలు కాగితం మీద ఒక ఇంటూ మార్కు పెట్టింది. పరీక్ష నియమం ప్రకారం అదే సరి.

అసలు ఆ పది మాటలు ఎవరివి? ఇక్కడ మన భాషా చరిత్ర అడ్డం వస్తుంది. మామూలుగా మాటను గుర్తుకు తెచ్చుకోవడంలో అలవాటైన మాటలు నెగ్గుతాయి. గుర్తుపట్టడంలో తిరగబడుతుంది. అరుదైన మాట బాగా పట్టుబడుతుంది, పొరపాటుగా 'ఉంది' అనడం కూడా తక్కువ. దీన్ని 1985లో గ్లాంజర్, ఆడమ్స్ గట్టిగా చూపించారు. ఇప్పుడు ఆలోచించండి. గుంటూరులో రోజూ నోట్లో నానే 'ఆసుపత్రి' మా నానమ్మకు పుస్తకంలో మాట. ఆమెకు తెలిసింది దవాఖాన. లాంతరు కాదు, కందిలి. ఉల్లిపాయ కాదు, ఉల్లిగడ్డ. ఒకే జాబితా కోస్తాలో ఒక పరీక్ష, నల్లగొండలో ఇంకో పరీక్ష అవుతుంది. పైగా రేడియో తెలుగు వినీ వినీ 'ఆసుపత్రి' తెలుసు కాబట్టి, ఆ మాట తెలియదని ఆమె చెప్పదు. తేడా పైకి కనపడదు, మార్కుల్లో పడుతుంది.

ఈ తేడాల పటం మన దగ్గర లేక కాదు. భద్రిరాజు కృష్ణమూర్తి గారు ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ కోసం చేసిన మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటం, వ్యవసాయ పదాలు, 1962లో వచ్చింది. చేనేత పదాల సంపుటం 1971లో. ఊరూరూ తిరిగి, పనిముట్టును ముందు పెట్టుకుని, దీన్ని మీరేమంటారని ఆ పని చేసేవాళ్లను అడిగి పోగుచేసిన మాటలవి. తెలుగును నాలుగు మాండలికాలుగా విడదీసి చూపడానికి ఆయనకు అవే ఆధారమయ్యాయి. ఒక రకంగా చూస్తే ఆ భాషా పరిశోధకులూ గుర్తుపట్టే పరీక్షే పెట్టారు, కాకపోతే తలకిందులుగా. వస్తువు తమది కాదు, మాట తమది కాదు, తప్పొప్పులు దిద్దే హక్కు అసలే తమది కాదు. నేర్చుకోవడానికి వెళ్లారు. డాక్టర్లు ఆ సంపుటాల్ని తెరిస్తే బాగుండునని నాకెప్పుడూ అనిపిస్తుంది.

హైదరాబాదులో ఈ పని బొత్తిగా జరగలేదంటే అబద్ధమవుతుంది. నిమ్స్ మెమరీ క్లినిక్‌లో సువర్ణ అల్లాడి, ఎడిన్‌బరో నుంచి థామస్ బాక్, ఇంకొందరు కలిసి 648 మంది డిమెన్షియా రోగుల వివరాలు పరిశీలించి 2013లో ఒక వ్యాసం ప్రచురించారు. అందులో 391 మంది ఒకటికంటే ఎక్కువ భాషలు మాట్లాడేవాళ్లు. వాళ్లలో జబ్బు సుమారు నాలుగున్నర ఏండ్లు ఆలస్యంగా బయటపడింది. ఇలాంటి ఫలితం అంతకుముందు టొరంటోలో వచ్చినా, అక్కడ రెండు భాషలవాళ్లు ఎక్కువగా వలస వచ్చినవాళ్లు. తేడా భాష వల్లా, వలస వల్లా అన్నది తేలలేదు. హైదరాబాదులో తెలుగు, దక్కనీ రెండూ మాట్లాడటానికి ఎవరూ ఏ దేశమూ దాటక్కర్లేదు. అన్నింటికంటే ముఖ్యం, చదువురానివాళ్లలో కూడా అదే తేడా కనిపించింది. అంగట్లో ఉర్దూ, ఇంట్లో తెలుగు అన్న పాత నిజాం రాజ్యపు బతుకు, అప్పుడు భారమే అయినా, మెదడుకు ఏదో మేలు చేసినట్టుంది. ఆ తర్వాత 2020లో భారత వైద్య పరిశోధన మండలి తరఫున తెలుగుతో సహా ఐదు భాషల్లో, చదువుకున్నవాళ్లకూ చదువుకోనివాళ్లకూ వేర్వేరుగా సరిపోయేలా, ఒక పరీక్షల పెట్టె తయారైంది. కేరళలో అయితే జో వర్గీస్ బృందం 2012లోనే మాటల బదులు బొమ్మలు పెట్టి చూసింది. నాలుగు బొమ్మలు, గుర్తురాకపోతే "ఒక పండు ఉండె కదా, ఏ పండు?" లాంటి అందింపు.

బొమ్మలు అంటే గుర్తొచ్చింది, ఆకారాల సంగతి ఇంకా చిక్కు. మాట రాకపోతే ఆకారం చూపిద్దాం, ఆకారానికి భాష లేదు కదా అని చదువుకున్నవాళ్లం అనుకుంటాం. 1931-32లో అలెగ్జాండర్ లూరియా ఉజ్బెకిస్తాన్ పల్లెలకు వెళ్లి వృత్తం, త్రికోణం, చతురస్రం చూపించి ఇవేంటని అడిగాడు. బడికి పోనివాళ్లు వృత్తాన్ని పళ్లెం, జల్లెడ, చంద్రుడు అన్నారు. త్రికోణాన్ని తాయెత్తు అన్నారు. చతురస్రాన్ని అద్దం, తలుపు అన్నారు. బడిలో కూర్చున్నవాళ్లకే అవి వృత్తం, త్రికోణం. లూరియా దీన్ని వెనకబాటుగా, ఇంకా ఎక్కాల్సిన మెట్టుగా చదివాడు. ఆ పుస్తకం సోవియట్ దేశంలోనే 1974 దాకా వెలుగు చూడలేదు, అది వేరే కథ. నాకు మాత్రం జల్లెడ అన్న జవాబులో ఏ లోపమూ కనపడదు.

సెరాడ్‌లో వృత్తం, డైమండ్, ఒకదాని మీద ఒకటి పడ్డ దీర్ఘచతురస్రాలు, ఘనం చూసి గీయాలి. జీవితంలో పెన్సిల్ పట్టని చెయ్యి ఘనం గీయలేకపోతే కన్ను చూడలేదని అర్థమా? అదే చేతికి ముగ్గుపిండి ఇస్తే పదిహేను చుక్కలు పెట్టి మెలికల ముగ్గు తిప్పుతుంది, ఎక్కడా గీత తెగకుండా. చిట్యాలకు కాస్త దూరంలోనే పోచంపల్లి, పుట్టపాక ఉన్నాయి. చిటికి కట్టేవాళ్లు రంగు తగలకూడని చోట దారాన్ని ముడివేసి బిగించేటప్పుడు డైమండ్ ఎక్కడా కనపడదు. నేశాకే కనపడుతుంది. ముందే అది తలలో ఉండాలి. అలాంటి మనిషిని కాగితం మీద నాలుగు గీతలతో కొలవడం నాకు చిన్నపాటి అవమానంలా తోస్తుంది. నైజీరియాలోని ఇబాదాన్‌లో పరిశోధకులు ఈ ఇబ్బందిని గుర్తించి 2005లో పెన్సిల్ తీసేసి అగ్గిపుల్లలు ఇచ్చారు. నాలుగు పుల్లలతో చూపిన ఆకారాన్ని మళ్లీ పేర్చమన్నారు. మన దగ్గర అయితే ముగ్గు, లేదంటే చింతగింజలు.

మా జిల్లాలో ఇంకో మెలిక ఉంది. ఫ్లోరైడ్ నీళ్లు తాగి కీళ్లు బిగిసిన ముసలివాళ్లు. నీళ్లలోంచి ఫ్లోరైడ్ తీసే పద్ధతికి ప్రపంచమంతా 'నల్లగొండ టెక్నిక్' అని పేరుంది, అంత ఘనత మాది. మెడ తిరగనివాళ్లు, వేళ్లు వంగనివాళ్లు బొమ్మ గీయకపోతే ఆ మార్కు మెదడు ఖాతాలో పడకూడదు. ఇక్కడ కూడా గీయడం కంటే గుర్తుపట్టడమే న్యాయం. నాలుగు ఆకారాలు పెట్టి, ఇందాక చూసింది ఏదో వేలు పెట్టి చూపమంటే సరిపోతుంది. వేలు కూడా లేవకపోతే కళ్లు చాలు.

ఇదంతా ఎందుకంటే లెక్కలు వస్తున్నాయి. 2017 నుంచి 2020 దాకా దేశంలో అరవై దాటిన 4,096 మందికి ఇంటికి వెళ్లీ ఆసుపత్రిలోనూ పెద్ద పరీక్షలు పెట్టారు. అందులో మాటలు గుర్తుపట్టే పరీక్ష ఉంది, ఆకారాలదీ ఉంది. దాని ఆధారంగా 2023లో వచ్చిన అంచనా, అరవై పైబడ్డవాళ్లలో నూటికి 7.4 మందికి డిమెన్షియా, అంటే సుమారు 88 లక్షలు. మగవాళ్లకంటే ఆడవాళ్లలో, పట్నాలకంటే పల్లెల్లో ఎక్కువ. ఆ పరిశోధకులు చదువురానివాళ్ల సంగతి తెలియనివాళ్లేం కాదు. ఇంట్లోవాళ్లను అడిగారు, చాలా కేసుల్ని డాక్టర్ల చేత చూపించారు. అంకెను నేను కొట్టిపారేయడం లేదు. బడి లేక, పోషణ లేక, వైద్యం లేక పల్లె ఆడవాళ్ల మెదడు నిజంగానే ముందుగా అలిసిపోతూ ఉండొచ్చు. అది నిజమైతే చాలా పెద్ద అన్యాయం. అందులో కొంత భాగం మన మాటలూ మన ఆకారాలూ తెచ్చిపెట్టిన తేడా అయితే అది ఇంకో రకం అన్యాయం. ఏది ఎంతో తేలాలంటే పరీక్ష దవాఖాన భాషలో ఉండాలి, ఆసుపత్రి భాషలో కాదు.

చెల్లెలు ఇప్పుడు రెండో జాబితా రాస్తోంది. 'బావి' ఉంచి, 'బొక్కెన' తీసేసింది. దాని స్థానంలో ఏం పెట్టాలో నానమ్మనే అడుగుదామంది, అడిగితే పరీక్ష చెడిపోతుంది అన్నాను. పక్కింటి అవ్వను అడిగాం. ఆమె ఒక్క మాట అడిగితే పదకొండు చెప్పింది, అందులో మూడు మా ఇద్దరికీ తెలియనివి.